హోమ్‌స్కూల్ పిల్లలతో చిత్తూరుకు బదిలీ: ఇల్లు తిరుపతిలోనా, చిత్తూరులోనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరుండేది హైదరాబాద్. పాపకు 11 ఏళ్ళు, మూడో తరగతి దాకా బడికి వెళ్ళింది. బాబుకు 7, వాడు బడి మొహమే చూడలేదు. మూడేళ్ళుగా ఇద్దరినీ ఇంట్లోనే చదివించుకుంటున్నారు. మీవారికి చిత్తూరుకు బదిలీ అయింది, జూన్‌లో చేరాలి. చిత్తూరులో ఇలా చదివించే కుటుంబాలు ఎంత వెతికినా కనబడలేదు కాబట్టి తిరుపతిలో ఇల్లు తీసుకుని, ఆయన రోజూ వెళ్ళొస్తే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నారు. పాప స్నేహితుల్ని వదిలి రానని ఏడుస్తోంది. మీ అత్తగారు "ఎలాగూ ఊరు మారుతున్నారు, ఈ వంకన బడిలో వేసెయ్యండి" అంటున్నారు. కాగితాల పరంగా ఏం జాగ్రత్త పడాలో కూడా అడిగారు.

మేమూ బెంగళూరు నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని ఈ జిల్లాకు వచ్చినవాళ్ళమే. ఇద్దరూ ఇంట్లోనే చదివి, ఓపెన్ స్కూల్లో పది, ఇంటర్ రాసి ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు. ఆ తర్వాత ఇటు వచ్చిన కుటుంబాలు చాలా వాటికి ఇల్లు వెతకడం దగ్గర్నుంచీ తోడున్నాను. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఇల్లు చిత్తూరులోనే తీసుకోండి. వారానికి ఒక రోజు తిరుపతికి కేటాయించండి.

దీనికి ఉల్టా సలహా చాలామంది ఇస్తారు. తిరుపతి పెద్ద ఊరు, ఎస్వీ యూనివర్సిటీ ఉంది, సంగీత కళాశాల ఉంది, సైన్స్ సెంటర్ ఉంది, ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ (కేంద్ర సైన్సు విద్యా పరిశోధనా సంస్థ) ఉన్నాయి. అన్నీ నిజమే. కానీ చిత్తూరుకూ తిరుపతికీ మధ్య దాదాపు 70 కిలోమీటర్లు. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మం దాకా లెక్కేస్తే పోనూ రానూ రోజుకు మూడు గంటలకు తక్కువ కాదు. పిల్లలు బడికి పోయే ఇంట్లో నాన్న రాత్రి ఎనిమిదింటికి వచ్చినా చదువు ఆగదు. మీ ఇంట్లో అలా కాదు. పగలంతా ఇద్దరు పిల్లలతో మీరొక్కరే. సాయంత్రం ఆయన ఆరింటికి ఇంటికొచ్చి పాపతో లెక్కలు చేయడం, బాబుని సైకిల్ మీద తిప్పడం, మీరు ఒక అరగంట ఎవరూ పిలవకుండా బయటికి వెళ్ళిరావడం, వీటి మీదే మీ బడి నడుస్తుంది. కొత్త ఊళ్ళో మీకు అమ్మ లేదు, అక్క లేదు, ఒంట్లో బాగా లేకపోతే ఒక పూట పిల్లల్ని చూసే పక్కింటావిడ ఇంకా దొరకలేదు. ఆ సాయంత్రాలు కూడా రోడ్డుకు ఇచ్చేస్తే మీరు నిలబడటం కష్టం. ఇటు వచ్చి మధ్యలో మానేసిన కుటుంబాల్ని చూశాను. సిలబస్ కష్టమై మానేసినవాళ్ళు అరుదు. తల్లి ఒంటరిదైపోయి మానేసినవాళ్ళే ఎక్కువ.

కాబట్టి మీరు ముందు వెతుక్కోవాల్సింది మనుషుల్ని. బడి పిల్లకు ఊరు మారితే, చేరిన రోజే పక్క బెంచీలో ఒక అమ్మాయి దొరుకుతుంది. మన పిల్లలకు ఆ ఏర్పాటు మనమే చేయాలి. సిలబస్ రెండు నెలలు ఆగినా ఏం కాదు, ఇది మాత్రం ఆగదు.

హోమ్‌స్కూల్ గుంపు కోసం చూడొద్దు. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉన్నట్టు ఆదివారం పార్కులో కలిసే ముప్పై కుటుంబాలు ఇక్కడ దొరకవు. తిరుపతిలో కూడా దొరికేది ఒకటీ అరా. మీ పిల్లలకు కావాల్సింది పిల్లలు, వాళ్ళు ఎక్కడ చదివితేనేం? వాళ్ళు వీధినిండా ఉన్నారు, దొరికే టైమే తక్కువ. ఈ ఊళ్ళల్లో ప్రైవేటు బడి పిల్లలు ఎనిమిదింటికల్లా బస్సెక్కి నాలుగున్నరకో ఐదింటికో దిగుతారు. ఆరున్నరకు ట్యూషన్. మధ్యలో ఆ గంటన్నరే వీధిలో క్రికెట్టు, షటిల్, సైకిళ్ళు. అందుకని మీ టైంటేబుల్ తలకిందులుగా వేసుకోండి. చదువంతా పొద్దున పూట. ఐదు నుంచి ఆరున్నర దాకా ఏ క్లాసూ పెట్టకండి, ఆన్‌లైన్ క్లాసు అయితే అసలే వద్దు. ఆ గంటన్నర మీ పిల్లలు వీధిలో కనబడాలి. ఆదివారం పొద్దున కూడా అంతే. మెసానికల్ మైదానం దగ్గర్లో ఇల్లు దొరికితే ఇంకా మంచిది, పొద్దునా సాయంత్రం అక్కడ ఆడే పిల్లలు, నడిచే పెద్దలు ఉంటారు.

రెండోది, దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు. మీకు విచిత్రంగా అనిపించవచ్చు గానీ ఇటువైపు కొత్త కుటుంబానికి నేను చెప్పే మొదటి సలహా ఇదే. ప్రాథమిక్, మధ్యమ, రాష్ట్రభాష అని వరసగా ఉంటాయి, ఏటా రెండుసార్లు రాయొచ్చు. ఏ బడి, ఏ తరగతి అనే అడ్డు లేదు. చిత్తూరులో గానీ తిరుపతిలో గానీ ప్రతి పేటలో ఒక హిందీ టీచరమ్మ ఇంట్లోనే చాప పరిచి పది పన్నెండు మందికి చెబుతూ ఉంటుంది. అక్కడ మీ పాప "హోమ్‌స్కూల్ అమ్మాయి" కాదు, మధ్యమ రాసే అమ్మాయి. పరీక్ష సెంటరుకు అందరూ ఒకే ఆటోలో పోతారు, వచ్చేటప్పుడు ఐస్‌క్రీం తింటారు. మా పెద్దదానికి ఈ ఊళ్ళో మొదటి స్నేహితురాలు ఆ చాప మీదే దొరికింది. పైగా బయటి పరీక్ష, మార్కులు, సర్టిఫికెట్ అనే టెన్షన్ చిన్న మోతాదులో చిన్నప్పుడే అలవాటవుతుంది. ఓపెన్ స్కూల్ పరీక్ష నాటికి అది పనికొస్తుంది.

మారే నెల గురించి. బడి లేదు కాబట్టి జూన్ పరుగు మీకు అక్కర్లేదు. జూన్ మొదట్లో బదిలీ ఉద్యోగులంతా ఒకేసారి ఇళ్ళు వెతుకుతారు, మిగిలినవే దొరుకుతాయి. ఆయన్ని ముందు వెళ్ళి ఒక గదిలో ఉండమనండి. మీరు జులైలోనో ఆగస్టు మొదట్లోనో రండి. ఎండ తగ్గి ఉంటుంది, వెనకాలే వినాయక చవితి వస్తుంది. వీధి పందిరి దగ్గర చందా పుస్తకం పట్టుకుని తిరగడం, ప్రసాదం పంచడం, మైకులో పాడటం, ఈ పది రోజుల్లో వీధిలో పిల్లలంతా ఒకరికొకరు తెలిసిపోతారు. చిత్తూరుకు పది పన్నెండు కిలోమీటర్లలోనే కాణిపాకం, అక్కడ చవితితో మొదలయ్యే బ్రహ్మోత్సవాలు 21 రోజులు జరుగుతాయి. కొత్తగా వచ్చిన కుటుంబం ఊళ్ళో కలవడానికి ఇంతకంటే మంచి అదను లేదు.

ఇల్లు చూసేటప్పుడు చుట్టుపక్కల ఎవరున్నారో, నీళ్ళు ఎలా వస్తాయో ఈ రెండే గట్టిగా చూడండి. చిత్తూరులో వేసవికి ట్యాంకరు పిలిపించే వీధులు ఉన్నాయి. సంపు ఎంత, మునిసిపాలిటీ నీళ్ళు ఎన్ని రోజులకు ఒకసారి వస్తాయి, పక్కింటివాళ్ళనే అడగండి, ఓనరు చెప్పింది సరిపోదు. పగలంతా పిల్లలు ఇంట్లో ఉంటారని ఓనరుకు ముందే చెప్పండి. మీ పిల్లల్ని బడి మానిపించిన పిల్లలుగా అనుమానంగా చూసే ఓనరు కింద ఉండటం కంటే ఇంకో వారం వెతకడం నయం. ఇంకోటి, ఇక్కడ చాలామంది ఓనర్లు రాతకోతలు లేకుండా నోటిమాట మీద ఇల్లు ఇస్తామంటారు. మీరు మాత్రం ఒప్పుకోకండి. అద్దె ఒప్పందం రాయించండి, కుదిరితే రిజిస్టర్ చేయించండి. ఎందుకో కింద కాగితాల దగ్గర చెప్తాను.

పాప ఏడుపు గురించి. పదకొండేళ్ళ అమ్మాయికి స్నేహితులు పోవడం నిజమైన నష్టం, దాన్ని "అక్కడ కొత్తవాళ్ళు దొరుకుతార్లే" అని కొట్టిపారేయకండి. హైదరాబాద్‌లో తనకు ఇష్టమైన పని ఒకటి, ఏదో ఒక్కటే, తెగకుండా ఇక్కడికి తెచ్చుకోనివ్వండి. వారానికి ఒకసారి పాత స్నేహితురాళ్ళతో వీడియోలో కలిసి పుస్తకం చదవడం కావచ్చు, అదే మాస్టారి దగ్గర ఆన్‌లైన్‌లో సంగీతం కావచ్చు. మిగతావన్నీ ఆపేయండి. మొదటి రెండు నెలలు లెక్కలు కొంచెం, చదవడం ఎంతైనా, అంతే. డిసెంబరు సెలవుల్లో ఒక స్నేహితురాలిని పిలిపించి, ఊరు చూపించే పని పాపకే అప్పజెప్పండి. వేరేవాళ్ళకు చూపించేటప్పుడు ఊరు తనది అవుతుంది. బాబు గురించి బెంగ పెట్టుకోకండి, ఏడేళ్ళవాడికి బంతి ఉంటే చాలు.

"ఏ స్కూలమ్మా?" అని అంగట్లో, గుళ్ళో, లిఫ్టులో అందరూ అడుగుతారు. చిత్తూరు చిన్న ఊరు, మంచి మనసుతోనే అడుగుతారు. పిల్లలకు ఒక్క వాక్యం నేర్పండి: "ఇంట్లోనే చదువుకుంటామండీ, పరీక్ష ఓపెన్ స్కూల్లో రాస్తాం." అంతటితో చాలావరకు ఆగిపోతుంది. ఆగని మామయ్య ఒకాయన "అయితే పదిహేడో ఎక్కం చెప్పు చూద్దాం" అంటాడు. అప్పుడు పిల్లని నిలబెట్టి చెప్పించకండి. "వాళ్ళ పరీక్ష నేను పెట్టుకుంటాలెండి మామా" అని నవ్వుతూ మీరే అడ్డం పడండి. తమ తరఫున అమ్మ మాట్లాడుతుందని తెలిస్తే పిల్లలు ఎవరి ముందైనా ధైర్యంగా ఉంటారు.

బడి బయటి పిల్లల సర్వే కూడా వస్తుంది. దగ్గర్లోని ప్రభుత్వ బడి టీచరు గానీ, వార్డు సచివాలయం ఎడ్యుకేషన్ సెక్రటరీ గానీ ఇంటికొచ్చి పేర్లు రాసుకుంటారు. భయపడొద్దు, వాదించొద్దు. వాళ్ళు వాళ్ళ పని చేస్తున్నారు, నిజంగా చదువు ఆగిపోయిన పిల్లల్ని పట్టుకునేది ఆ సర్వేనే. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, పిల్లల నోటు పుస్తకాలు, చదివిన పుస్తకాల జాబితా, చేసిన పనుల ఫొటోలు చూపించండి. ఇందుకోసం ఒక ఫైలు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి. చట్టం సంగతి సూటిగా చెప్పాలంటే, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల గురించి. పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని సెక్షన్ 10 చెబుతుంది, చేర్చనివాళ్ళకు శిక్ష మాత్రం ఆ చట్టంలో లేదు. ఇంటి చదువును అది గుర్తించనూ లేదు, నిషేధించనూ లేదు. "తల్లికి వందనం" లాంటి పథకానికి బడిలో 75 శాతం హాజరు ఉండాలి, కాబట్టి అది మీకు రాదు. పక్కింటివాళ్ళు ఊరికే పోగొట్టుకుంటున్నారే అని బాధపడతారు, అది లెక్కలో వేసుకునే రండి.

కాగితాల్లో అందరూ మరిచిపోయేది లోకల్, నాన్ లోకల్ సంగతి. హోమ్‌స్కూల్ పిల్లలకు దీని తీరే వేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్ లాంటి కోర్సుల్లో 85 శాతం సీట్లు లోకల్ అభ్యర్థులకు. రాజ్యాంగం 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు దీనికి ఆధారం. చిత్తూరు, తిరుపతి శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతంలోకి వస్తాయి. బడిలో చదివినవాళ్ళకు, అర్హత పరీక్షతో, అంటే ఇంటర్‌తో, ముగిసే వరస నాలుగేళ్ళు ఎక్కడ చదివారన్నది చూస్తారు. ఆ నాలుగేళ్ళలో బడికి పోని కాలం ఉంటే, పరీక్షకు ముందు నాలుగేళ్ళు ఎక్కడ నివాసం ఉన్నారన్నది చూస్తారు. అంటే మీ పాపకు ఆ నాలుగేళ్ళకు స్టడీ సర్టిఫికెట్ ఉండదు కాబట్టి తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రమే ఆధారం. ఆ పత్రం ఇవ్వాలంటే తహసీల్దారు ఆఫీసు అడిగేది ఆధారాలు: అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, గ్యాస్ బుక్కు, ఆధార్‌లో అడ్రసు. ఓనరు నోటిమాటతో ఇల్లిస్తే ఒప్పుకోవద్దన్నది ఇందుకే. వచ్చిన మొదటి నెల నుంచీ ప్రతి ఏటి ఒప్పందాన్నీ దాచండి, ఇల్లు మారినా పాతది పారేయకండి. ఆరేళ్ళ తర్వాత పాత ఓనరును వెతికి సంతకం అడగడం జరిగే పని కాదు.

పాపకు ఇప్పుడు 11. పదిహేడేళ్ళకు ఇంటర్ రాస్తుందనుకుంటే, 13 ఏళ్ళ నుంచి లెక్క మొదలవుతుంది. అంటే ఇంకా రెండేళ్ళ వ్యవధి ఉంది. ఇక్కడ నాలుగేళ్ళు కుదురుకుంటే తెలంగాణలో లోకల్ పోతుందన్నది కూడా గుర్తుంచుకోండి. మీవారికి మళ్ళీ బదిలీ అయ్యే అవకాశం ఉంటే, పాపకు 13 దాటాక కుటుంబం ఎక్కడ ఉండాలన్నది అప్పుడు కూర్చుని గట్టిగా నిర్ణయించుకోండి. ఈ నిబంధనలు మధ్యమధ్యలో సవరిస్తుంటారు, ఆ ఏడాది ఈఏపీసెట్ బ్రోచర్‌లో ఉన్నదే చివరి మాట.

హైదరాబాద్ వదిలేముందు మూడు పనులు చేసుకోండి. పాప చదివిన బడి నుంచి టీసీ, స్టడీ సర్టిఫికెట్ తెచ్చుకోండి, దూరం వెళ్ళాక ఫోన్లో ఎవరూ పలకరు. ఇద్దరి జనన ధ్రువపత్రాల్లో పేరు, ఇంటిపేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూడండి. బాబుకు ఐదేళ్ళప్పుడు చేయించాల్సిన వేలిముద్రల అప్‌డేట్ అయిందో లేదో చూడండి, మళ్ళీ 15కి చేయించాలి. ఓపెన్ స్కూల్ అడ్మిషన్ అప్పుడు ఇబ్బంది పెట్టేవి ఈ చిన్న తేడాలే.

పదో తరగతికి రెండు దారులు. ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ ఒకటి, కేంద్రానికి చెందిన ఎన్ఐఓఎస్ ఒకటి. రెండింటికీ పదో తరగతికి 14 ఏళ్ళు నిండాలి. ఈ రాష్ట్రంలోనే ఉండిపోయే కుటుంబమైతే, తెలుగులో రాయాలనుకుంటే మొదటిది హాయి. బదిలీల ఉద్యోగం కాబట్టి మీకు ఎన్ఐఓఎస్ నయం. దేశంలో ఎక్కడికి పోయినా అదే అడ్మిషన్ పనికొస్తుంది, ఒకసారి చేరితే ఐదేళ్ళ గడువు, ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో పరీక్షలు, సబ్జెక్టులు విడివిడిగా రాసుకోవచ్చు. టీఎంఏ అని ఇంటి దగ్గర రాసి పంపే అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులు, వాటిని చాలామంది నిర్లక్ష్యం చేసి పోగొట్టుకుంటారు. ఇంటర్ స్థాయికి వచ్చాక ఇంకో విషయం: ఎన్ఐటీల్లో సొంత రాష్ట్రం కోటాకు, ఎన్ఐఓఎస్ పిల్లల విషయంలో స్టడీ సెంటరు ఏ రాష్ట్రంలో ఉందో దాన్నే చూస్తారు. కాబట్టి సెంటరు ఎంచుకునేటప్పుడు ఏది దగ్గర, ఏది తేలిక అని మాత్రమే చూడకండి.

ఇక తిరుపతి రోజు. శని, ఆదివారాలు యాత్రికుల రద్దీ, బుధవారమో గురువారమో పెట్టుకోండి. మన పిల్లలకు ఉన్న సౌకర్యం అదే, అందరూ బడిలో ఉన్నప్పుడు మనం ఊరంతా తిరగొచ్చు. అలిపిరి దగ్గర రీజనల్ సైన్స్ సెంటర్‌లో జనం లేని రోజున బాబు ఒక్కో మోడల్ దగ్గర ఎంతసేపైనా నిలబడొచ్చు. టీటీడీ సంగీత నృత్య కళాశాలలో సాయంత్రం కోర్సుల గురించి, వాటి వయసు నిబంధన గురించి వెళ్ళి అడగండి. దారిలోనే గాదంకి, అక్కడ అంతరిక్ష శాఖ కింద పనిచేసే జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల ఉంది. ఆరుబయట చదునైన నేల మీద 1024 యాంటెన్నాలు వరసలు కట్టి, ఒక్క రాడార్‌గా ఆకాశంలో గాలుల్ని చూస్తుంటాయి. లోపలికి ఊరికే పోనివ్వరు, ముందు ఉత్తరం రాయాలి. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినానికి ఒక నెల ముందే రాసి చూడండి. ఆ ఉత్తరం పాప చేతే రాయించండి.

కొండ మీదికి పోయేటప్పుడు బస్సులో కిటికీ సీటు పిల్లలకివ్వండి. ఘాట్ రోడ్డు పక్కన కొండ కోసిన చోట కింద ఒక రకం రాయి, పైన పొరలు పొరలుగా ఇంకో రకం రాయి కనబడుతుంది. కింద ఉన్నది అతి పాత గ్రానైటు, పైన ఉన్నది చాలా తర్వాత నీటి అడుగున ఇసుక పేరుకుని గట్టిపడిన క్వార్ట్‌జైట్. ఆ రెండూ తాకే గీత దగ్గర దాదాపు 80 కోట్ల ఏళ్ళ చరిత్ర మాయమైంది. భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. పైకెళ్ళాక శిలాతోరణం చూస్తే, అదే రాయి గాలికీ నీటికీ అరిగి కమానులా ఎలా మిగిలిందో వాళ్ళకే తెలుస్తుంది. మెట్ల మీద నడిచి పోవాలనుకుంటే పొద్దున్నే మొదలుపెట్టండి. 2023లో చిరుత దాడి జరిగినప్పటి నుంచి పిల్లల విషయంలో వేళల ఆంక్షలు పెట్టారు, ఆ రోజు నియమం ఏమిటో అలిపిరిలో కనుక్కుని ఎక్కండి.

అన్నింటికంటే నేను గట్టిగా చెప్పేది కాళహస్తి కలంకారి. కెమిస్ట్రీని ఇంత బాగా చెప్పే చోటు నాకు ఇంకోటి తెలియదు. నేత బట్టను కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరేస్తారు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మ గీస్తారు. నల్లరంగు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో రోజుల తరబడి పులియబెడతారు. వెదురు కలానికి గుడ్డ చుట్టి, ఆ నీళ్ళలో ముంచి, వేళ్ళతో నొక్కుతూ గీత లాగుతారు. కుండలో ఉన్నప్పుడు ఆ నీళ్ళు చూడటానికి ఏమంత నల్లగా ఉండవు. బట్టను తాకగానే గీత కళ్ళముందే ముదురుతూ నల్లగా అయిపోతుంది. బట్టలోని కరక్కాయ వగరుతో ఇనుము కలవడం వల్ల జరిగేది అది. అలాగే పటిక పూసిన చోట మాత్రమే మంజిష్ఠ వేరు ఎరుపు పట్టుకుంటుంది, పూయని చోట ఉతికితే పోతుంది. పాపను అక్కడ ఒక కళాకారుడి పక్కన రెండు మూడు పూటలు ఊరికే కూర్చోనివ్వండి. ఫొటోలు తీయడం, ప్రశ్నలు వేయడం తర్వాత. పని చెడగొట్టకుండా కూర్చుంటే వాళ్ళే ఒక కలం చేతికిస్తారు. ఇంటికొచ్చాక మేకులు, బెల్లంతో మీ బాల్కనీలోనే ఒక సీసా మొదలుపెట్టండి.

చిత్తూరులో ఉన్నవాళ్ళకు ఇంకొకటి కలిసొస్తుంది, మామిడి. మే, జూన్, జులై నెలల్లో ర్యాంపుల (వ్యాపారులు కాయలు కొనే చోట్ల) దగ్గర, గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయలతో ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఒక రైతు దగ్గర నిలబడి, కాయ కోత కూలి ఎంత, బాడుగ ఎంత, ఫ్యాక్టరీ ఇచ్చే ధర ఎంత అని పిల్లలు అడిగి రాసుకుంటే, ఆ రోజు లెక్కలు ఏ పుస్తకంలోనూ లేనివి. బేనీషాకు, తోతాపురికి ధరలో అంత తేడా ఎందుకో రైతు చెబితే వాళ్ళు మరిచిపోరు. మర్యాదగా అడగమనండి, ధర పడిపోయిన ఏడాది అయితే అసలు అడగొద్దు, ఆ లైనులో నిలబడినవాళ్ళ మనసు బాగుండదు.

మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకు తప్పకుండా వెళ్ళండి. బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్లసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి. రోజుకొక వేషం. మగవాళ్ళు చీర కట్టుకుని, జడ వేసుకుని, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకోవడానికి వస్తారు. ఆడవాళ్ళను చెరిచే పాలెగాణ్ణి వెతికి చంపడానికి గంగమ్మ వేషాలు మార్చిందన్న కథ ఊళ్ళో ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది. మీ బాబుకు ఆ ఊరి పిల్లలెవరైనా బొగ్గు పూస్తే పూయనివ్వండి.

శీతాకాలంలో సూళ్ళూరుపేట వైపు ఒకసారి రెండు రోజులకు వెళ్ళిరండి, పులికాట్‌లో ఫ్లెమింగోలు, నేలపట్టులో గూడబాతులు. ఆ రోజుల్లోనే శ్రీహరికోటలో ప్రయోగం ఉంటే గ్యాలరీకి ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకోవచ్చు. చిత్తూరు నుంచి అది దూరం, ప్రతిసారీ పరుగెత్తకండి.

చివరిగా మీ అత్తగారి మాట. ఆవిణ్ణి శత్రువుగా చూడకండి అమ్మా. ఊరు మారే వేళ పిల్లలకు ఏదో ఒకటి స్థిరంగా ఉండాలని ఆవిడ కోరుకోవడం న్యాయమే. ఆవిడకు మీరివ్వగల హామీ ఒకటుంది. విద్యా హక్కు చట్టం ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లల్ని ఏడాదిలో ఎప్పుడైనా వయసుకు తగ్గ తరగతిలో ప్రభుత్వ బడిలో చేర్చుకోవాలి, టీసీ లేదని, వయసు పత్రం లేదని కాదనడానికి లేదు. అంటే బడి తలుపు ఎక్కడికీ పోదు. "మొదటి ఏడాది ఇంట్లోనే చదివిస్తాం, వచ్చే మే నెలలో మీరే వచ్చి ఉండి చూడండి, పిల్లలు దిగులుగా ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం" అని చెప్పండి, చెప్పినట్టే పిలవండి. వచ్చినప్పుడు పాపకు కథలు చెప్పడం, బాబుకు పద్యాలు నేర్పడం ఆవిడకే అప్పగించండి. పాపను కూడా విడిగా అడగండి, బడికి పోవాలనుందా అని. పదకొండేళ్ళ పిల్ల తనంతట తాను పోతానంటే, ఆ కోరికను హైదరాబాద్ మీద బెంగ అని తోసేయకుండా, మూడు నెలలాగి మళ్ళీ అడగండి. అప్పటికీ అదే అంటే వీధి చివర ఉన్న బడికి మీరే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళండి.

ఇల్లు చూడటానికి వచ్చే ముందు ఇక్కడే ఒక మాట రాయండి. నేను చెప్పే వీధుల్లో సాయంత్రం ఐదింటికి ఒకసారి నడిచి చూద్దురు గాని.